పక్క బీరువా తాళంచెవి

మేడ్చల్‌లో రైల్వే గేటు దాటి కొంచెం లోపలికి వెళితే అంజయ్య కట్టించిన ఆడపిల్లల హాస్టల్ ఉండేది. ఒకప్పుడు ఆ చోట ఆయన తండ్రి జొన్న వేసేవాడు. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఒకదాని వెనక ఒకటి లేచిన రోజుల్లో అంజయ్య కొంత భూమిని ప్లాట్లు చేసి అమ్మి, మిగిలిన ముక్కలో మూడంతస్తుల మేడ లేపాడు. మంచాలు, బీరువాలు అన్నీ బాలానగర్‌లో ఒకే షెడ్డులో, ఒకేసారి చేయించాడు. ఆ బీరువాలకు ఏ తాళాలు పెట్టారో ఆయన చూసుకోలేదు. బీరువా కొనేవాడు రంగు చూస్తాడు, రేకు మందం చూస్తాడు. తాళం తిరిగితే చాలనుకుంటాడు.

శేషారత్నం ఆ హాస్టల్‌కు వార్డెన్‌గా వచ్చేనాటికి భర్త రాజారావు పోయి ఏడాది దాటింది. వాళ్ళది రేపల్లె దగ్గర ఒక పల్లె. ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఇటు వచ్చి, మచ్చ బొల్లారంలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టారు. పిల్లలు కలగలేదు. ఆయన పోయాక ఊరికి వచ్చెయ్యమని ఆమె అన్నగారు ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. వాటా ఖాళీ చేసి, ఇద్దరి సామానులో ఒకరికి సరిపడేంత ఉంచుకుని, ఆమె ఈ ఉద్యోగంలో చేరింది. గేటు పక్కన గది ఇచ్చారు. అందులో ఒక మంచం, ఒక కుర్చీ, పిల్లల గదుల్లో ఉన్నటువంటిదే ఒక బీరువా.

పిల్లల మధ్య ఉంటే పొద్దు తెలియదనుకుంది. పొద్దు తెలియకపోవడం నిజమే. పొద్దున్న బాత్‌రూమ్ దగ్గర వరస కోసం గొడవ, సాయంత్రం ఫోన్ దగ్గర వరస కోసం గొడవ. మెట్ల మీద ఎప్పుడూ చెప్పుల చప్పుడే. కానీ పిల్లలు ఆమె గది గడప దాకా వచ్చేవాళ్ళు, లోపలికి వచ్చేవాళ్ళు కాదు. తలనొప్పి మాత్ర కావాలనో, ఊరికి వెళ్ళడానికి పర్మిషన్ కావాలనో అక్కడే నిలబడి అడిగేవాళ్ళు. మాట అయిపోగానే "థ్యాంక్యూ మేడమ్" అని వెనక్కి తిరిగేవాళ్ళు. వాళ్ళ తప్పేమీ లేదు. వార్డెన్ గదిలో కూర్చుని కబుర్లు చెప్పే పిల్లలు ఎక్కడుంటారు?

ఆమెతో కూర్చుని టీ తాగే మనిషి సత్యమ్మ ఒక్కతే. గదులు ఊడ్చి, మెట్లు కడిగే పని సత్యమ్మది. పని మొదలుపెట్టే ముందు వంటింటి వెనక గట్టు మీద ఇద్దరూ టీ తాగేవాళ్ళు. మాట్లాడుకునేది తక్కువే. సత్యమ్మ తన కోడలి సంగతి చెప్పేది, శేషారత్నం వినేది.

దసరా సెలవుల ముందు నవ్యశ్రీ అనే పిల్ల తన బీరువా తాళంచెవి పోగొట్టుకుంది. బట్టలన్నీ లోపలే ఉన్నాయి. మధ్యాహ్నం బస్సుకు తణుకు వెళ్ళాలి. ఏడుపు మొహంతో వచ్చి గడప దగ్గర నిలబడింది. బస్టాండు ముందు గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసే పర్వతాలును శేషారత్నం పిలిపించింది. ఆయన వచ్చి, బీరువా తాళం మొహం ఒకసారి చూసి, సంచీ కూడా విప్పలేదు.

"పక్క బీరువా చెవి ఉన్నదా అమ్మా? తెప్పియ్యి," అన్నాడు.

ఆ గదిలో పిల్లలు తలా ఒకటి ఇచ్చారు. మొదటిది దూరలేదు. రెండోది దూరింది, కొంచెం ఊపి తిప్పితే బీరువా తెరుచుకుంది. పిల్లలు నవ్వారు. నవ్యశ్రీ గబగబా బట్టలు తీసుకుంది. శేషారత్నానికి మాత్రం నవ్వు రాలేదు.

"అదేమిటయ్యా, ఆ బీరువా తాళంచెవి దీనికి పట్టడమేమిటి?"

పిల్లలు వెళ్ళిపోయాక పర్వతాలు ఆ తాళాన్ని ఊడదీశాడు. కొత్త చెవి కోయాలంటే ఎలాగూ తీయాలి. బొటనవేలంత తాళం. లోపలి నుంచి గుండ్రటి ఇత్తడి ముక్కను బయటకు లాగి అరచేతిలో పెట్టి చూపించాడు. దాని ఒంటికి సన్నటి చీలికలు, ఒక్కో చీలికలో ఒక్కో పలచటి రేకు.

"గీ రేకులు జూడు. కింద స్ప్రింగు ఉంటది, రేకును బయటికి నూకుతది. రేకు బయటికి పొడుసుకోని ఉన్నంతసేపు గిది తిరగదు. సరైన చెవి పెడితె రేకులన్ని లోపలికి గుంజుకుంటయి. అప్పుడు తిరుగుతది. ఎనక ఉన్న గీ నాలుక పక్కకు వోతది, తలుపొస్తది. గంతే."

"మరి అన్ని తాళాలూ అంతేగా?"

"పెద్ద తాళాలల్ల పని శానా ఉంటది. గిండ్ల మూడు నాలుగు రేకులే. చెవికి కోసే గాట్లు గూడ రెండు మూడు తీర్లే. ఎన్ని రకాలు జేస్తరు? ఒకటే రకం మల్ల మల్ల వస్తది. జర అరిగిన చెవి అయితె ఇంకా సులువు, పక్కదానికి గూడ పడ్తది."

"అలాంటప్పుడు ఇది తాళమెలా అవుతుంది?"

పర్వతాలు ఇత్తడి ముక్కను మళ్ళీ లోపలికి దూరుస్తూ చెప్పాడు. "తాళమే. పోస్టు డబ్బకు గిదే పెడ్తరు. ఆఫీసుల టేబుల్ సొరుగులకు గిదే. కిరాణా దుకాణంల అద్దాల కౌంటరుకు, మీటరు డబ్బకు, అన్నిటికి గిదే. ఇది నీది గాదు అని జెప్పుడే దీని పని. మంచోడు ఆగుతడు. దొంగకు జెప్తె ఇంటడా?"

ఈ మాట అంజయ్యతో చెప్పాలని ఆమె అనుకుంది. సెలవుల తర్వాత చెబుదామనుకుంది.

పిల్లలందరూ వెళ్ళిపోయారు. హాస్టల్ ఒక్కసారిగా అంత నిశ్శబ్దమవుతుందని ఆమెకు తెలియదు. ట్యాంకు నిండి నీళ్ళు గోడ వెంబడి కారే చప్పుడు కింది గదిలోకి వినిపించేది. వంటవాడు కూడా సెలవు పెట్టాడు. పొద్దున్న సత్యమ్మ వచ్చి, కింద వరండా ఊడ్చి, టీ తాగి వెళ్ళేది. ఆ తర్వాత రోజంతా ఆమెతో ఒక్క మనిషి మాట్లాడేవాడు కాదు. అన్నం కోసం గిన్నె పెట్టుకుంటూ ఒకసారి "ఇంత చాలా?" అని పైకే అని, తన గొంతు విని తానే ఉలిక్కిపడింది.

ఒకరోజు మొదటి అంతస్తులో ఒక గది నుంచి చెడువాసన వచ్చింది. తలుపు తీసి చూస్తే చీమలు గోడ వెంబడి వరసగా వెళ్ళి సహస్ర అనే పిల్ల బీరువాలోకి దూరుతున్నాయి. లోపల ఏదో కుళ్ళుతోంది. ఆ పిల్ల ఊళ్ళో లేదు. శేషారత్నం కిందికి వెళ్ళి తన బీరువా తాళంచెవి తెచ్చింది. పట్టదులే అనుకుంటూనే పెట్టింది. పట్టింది. ఒక కవరులో నల్లబడిపోయిన అరటిపళ్ళు. వాటిని పారేసి, అర తుడిచి, బట్టలు మళ్ళీ సర్దింది. తలుపు మూయాలి. మూయలేదు.

బీరువా తలుపు లోపలివైపు సహస్ర బొట్టుబిళ్ళలు అంటించుకుంది, రంగురంగులవి, పదేపదే పెట్టుకుని తీసినవి. ఒక అరలో గోంగూర పచ్చడి సీసా, దాని మూతకు కట్టిన గుడ్డ మీద ఎవరో పెద్దావిడ వేసిన ముడి. ఆ ముడి చూసి శేషారత్నం అక్కడే మంచం మీద కూర్చుంది. అలాంటి ముడి తన తల్లి వేసేది. చాలాసేపు ఊరికే అలా కూర్చుంది. ఎవరింటికో వెళ్ళి, వాళ్ళు లోపల టీ పెడుతుంటే ముందు గదిలో కూర్చున్నట్టుంది.

మర్నాడు చీమలు లేవు. అయినా వెళ్ళింది.

తన తాళంచెవి అన్నిటికీ పట్టలేదు. కొన్ని మొరాయించాయి. కొన్ని సగం తిరిగి ఆగాయి. పట్టినవాటిని తెరిచేది. దేన్నీ తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు. ఉత్తరాల కట్టలు కనిపిస్తే ముట్టుకోలేదు, డైరీలు కనిపిస్తే విప్పలేదు. ఒకమ్మాయి స్వెట్టర్ సగం అల్లి సూదులతో సహా వదిలేసింది. ఇంకొకమ్మాయి పుస్తకాల వెనక మరమరాల డబ్బా దాచుకుంది. ఇషిత అనే పిల్ల బీరువా తెరిస్తే ఇస్త్రీ బట్టల వాసన, కింది అరలో ఖాళీ నగల పెట్టె, మూత తెరిచే ఉంది. ఇంత దగ్గరగా ఉంటూ తనకు తెలియని పిల్లలందరూ ఒక్కొక్కరే ఆమెకు పరిచయమవుతున్నట్టుండేది. నవ్యశ్రీ బీరువాలో ఆకుపచ్చ కమీజు పక్క కుట్టు విడిపోయి ఉంది. కిందికి వెళ్ళి సూదీ దారం తెచ్చి, కిటికీ పక్క మంచం మీద వెలుతురులో కూర్చుని కుట్టింది. అది కుడుతున్నంతసేపూ ఆమెకు ఏ దిగులూ లేదు.

కుట్టు చివర ముడి వేస్తుండగా బకెట్ కింద పెట్టిన చప్పుడు వరండాలో వినిపించింది. చప్పున లేచింది. తలుపు సందు నుంచి చూస్తే ఎవరూ లేరు. సత్యమ్మ పైకి వచ్చి వెళ్ళిందేమో అనుకుంది. టీ తాగేటప్పుడు సత్యమ్మ ఏమీ అనలేదు. తానూ అడగలేదు.

సెలవులు అయ్యాయి. పిల్లలు వచ్చారు, చప్పుడూ వచ్చింది. ఆ సాయంత్రమే ఇషిత ఏడుస్తూ కిందికి దిగింది. బీరువాలో పెట్టిన బంగారు గొలుసు లేదట.

మర్నాడు వాళ్ళ నాన్న శామీర్‌పేట వైపు నుంచి జీపులో వచ్చాడు. భూముల బేరాలు చేసే మనిషి, అంజయ్యకు తెలిసినవాడే. మొదటి అంతస్తు వరండాలో పిల్లలందరూ గుమిగూడారు.

"తాళం పగల్లే. తలుపు ఇర్గలే. అంటె చెవితోనే తీసిన్రు," అన్నాడాయన. "సెలవులల్ల ఈడ ఎవరెవరున్నరు?"

"మేడమ్ ఉన్నది. ఊడ్సే సత్యమ్మ వచ్చిపోయింది," అన్నాడు అంజయ్య.

అందరూ సత్యమ్మ వైపు చూశారు. మేడమ్ వైపు ఎవరూ చూడలేదు. సత్యమ్మ చీపురు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"చెవి యాడ జేపిచ్చినవ్?" అని అడిగాడు ఇషిత తండ్రి.

"నాకేం ఎర్క లేదు సారూ. నేను కిందనే ఊడ్సిన."

"ఠాణాకు వొయ్యి అడిగిస్తె ఎర్కయితది."

సత్యమ్మ పెదవి కదిలింది. ఏదో అనబోయి ఆగింది. ఒక్క క్షణం శేషారత్నం కళ్ళలోకి చూసి తల దించుకుంది.

శేషారత్నం కిందికి వెళ్ళింది. వెళ్ళడానికీ రావడానికీ పట్టినంతసేపూ ఆమె మనసులో ఒక మాట కూడా కుదరలేదు. తన తాళంచెవి తెచ్చి, అందరి ముందూ ఇషిత బీరువాకు పెట్టి తిప్పింది. తలుపు తెరుచుకుంది. 

"ఇది నా బీరువాది," అంది. "దీనికీ పడుతుంది. ఇంకా చాలా వాటికి పడుతుంది. ఇవి అలాంటి తాళాలు. సెలవుల్లో నేను తీసి చూశాను. ఈ అమ్మాయి బీరువా కూడా తీశాను. అప్పటికే నగల పెట్టె ఖాళీగా ఉంది. సత్యమ్మకేమీ తెలియదు."

"మీరెందుకు తీసిన్రు మేడమ్?" అన్నాడు అంజయ్య, అర్థం కాక.

ఆమె తన చేతిలోని తాళంచెవిని చూసుకుంది. "ఊరికే," అంది.

ఆ మాట ఎంత చెడ్డగా వినిపించిందో ఆమెకూ తెలిసింది. ఊరికే ఎవరైనా పరాయి బీరువాలు తెరుస్తారా? ఇషిత తండ్రి ఆమె గది చూపించమన్నాడు. అంజయ్య అడ్డం చెప్పలేకపోయాడు. పిల్లలు కూడా వెనకే దిగారు. ఇన్నాళ్ళూ గడప దాటనివాళ్ళు ఆ రోజు గది నిండా వచ్చారు. ఆమే తన బీరువా తీసింది. మడతపెట్టిన చీరలు కొన్ని, ఒక దుప్పటి, రాజారావు కళ్ళజోడు, ఆయన షేవింగ్ బ్రష్. కింది రెండు అరలూ ఖాళీ. ఖాళీ అరల్లో పాత పేపరు పరిచి ఉంది, దాని మీద ఏమీ పెట్టలేదు. ఇషిత తండ్రి దుప్పటి ఎత్తి చూసి మళ్ళీ పెట్టేశాడు. పిల్లల్లో ఎవరో "పదండే" అన్నారు. ఒక్కొక్కరే జారుకున్నారు. అంతమంది వెళ్ళాక కూడా ఆమె బీరువా తలుపు మూయలేదు. మూయడానికి చెయ్యి రాలేదు.

రెండు రోజులకు ఇషిత వాళ్ళ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. గొలుసు కొక్కెం వదులైందని వాళ్ళ అవ్వ కంసాలికి ఇచ్చిందట. దసరాకు ముందు ఇషిత ఇంటికి వెళ్ళినప్పుడే ఆ పిల్ల సంచీలోంచి అవ్వ తీసిందట, పండగ హడావుడిలో చెప్పడం మరిచిపోయింది; గొలుసు వెంట తెచ్చిన సంగతి ఇషితకూ గుర్తులేదు. ఇషిత మిఠాయి డబ్బా తెచ్చి సత్యమ్మ చేతిలో పెట్టి, "సారీ" అంది. సత్యమ్మ డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టి, ఆ రోజు పని పూర్తిచేసి, మర్నాటి నుంచి రాలేదు.

అంజయ్య శేషారత్నాన్ని తీసెయ్యలేదు. "గిప్పుడు నడమల ఇంకొకరిని యాడ దెస్త మేడమ్? ఉండుండ్రి. గని అందరి ముంగట చెప్పకపోతుంటిరి. నాకొక్కనికి చెప్తె అయిపోవు," అన్నాడు. పర్వతాలును పిలిపించి ప్రతి బీరువాకు గొళ్ళెం వేయించాడు. పిల్లలు తలా ఒక తాళంకప్ప కొనుక్కున్నారు. మేడ్చల్ బజారులో దొరికే అన్ని రకాల కప్పలూ ఆ వారంలో హాస్టల్‌లో వేలాడాయి.

నవ్యశ్రీ ఒక సాయంత్రం గడప దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నా గ్రీన్ డ్రెస్ మీరే కుట్టారా?"

"నేనేనమ్మా."

ఆ పిల్ల నేల చూపులు చూసింది. "బాగా కుట్టారు. కానీ ఇంకెప్పుడూ నావి తియ్యకండి మేడమ్."

"తియ్యను," అంది శేషారత్నం. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు ఆమెకు కనిపించలేదు. ఆ ఆకుపచ్చ కమీజు మళ్ళీ నవ్యశ్రీ ఒంటి మీద కనిపించలేదు.

అప్పటి నుంచి పిల్లలు పర్మిషన్ల కోసం ఇద్దరిద్దరుగా వచ్చేవాళ్ళు. కొత్తగా వచ్చిన పనిమనిషి టీ తాగదు. పొద్దున్న గట్టు మీద శేషారత్నం ఒక్కతే గ్లాసు పట్టుకుని కూర్చునేది. సత్యమ్మ కోడలి సంగతి ఏమైందో తెలియదు. అది తెలుసుకోవాలని ఇంత కోరిక ఉంటుందని ఆమె అనుకోలేదు.

సత్యమ్మ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయిందని, లాల్‌గడి మలక్‌పేటలో మొక్కల నర్సరీలో పనికి పోతోందని వంటవాడు చెప్పాడు. ఒక ఆదివారం శేషారత్నం మేడ్చల్‌లో షేర్ ఆటో ఎక్కి, శామీర్‌పేటలో ఇంకొకటి మారి వెళ్ళింది. దారి పొడుగునా కొత్త లేఅవుట్ల రాళ్ళు పాతి ఉన్నాయి, వాటి మధ్య ఇంకా వరి ఉంది. అడుక్కుంటూ వెళ్ళి ఇల్లు పట్టుకుంది. సత్యమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఆమెను చూసి లేవలేదు, ఆశ్చర్యపోలేదు. కోడలు కుర్చీ తెచ్చి వేసింది.

"ఎట్లొచ్చినవ్?"

"ఆటోలో."

"ఇంత దూరం దేనికొస్తివి?"

శేషారత్నం కొంగు సర్దుకుంది. "ఆ రోజు నేను ముందే చెప్పాల్సింది. నీ మీదికి వచ్చేదాకా ఆగాను. అది చెబుదామని."

సత్యమ్మ బూడిద చేత్తో గిన్నె లోపల రుద్దుతూనే ఉంది. "నేను జూసిన," అంది కాసేపటికి.

"ఏమిటి?"

"సెలవులల్ల. పైన నీళ్ళు కారుతున్నయని బకెట్ దీస్కొని వొచ్చిన. నువ్వు గా పిల్ల మంచం మీద కూసోని డ్రెస్ కుడ్తున్నవ్. బీరువా తెరిశి ఉన్నది. మల్ల దిగిపోయిన."

 వరండాలో అందరూ చుట్టుముట్టినప్పుడు ఆ మనిషి తన కళ్ళలోకి చూసి తల దించుకోవడం శేషారత్నానికి గుర్తొచ్చింది. "మరి... వాళ్ళు ఠాణా అన్నప్పుడు చెప్పెయ్యొచ్చుగా. నిన్ను వదిలేసేవాళ్ళు."

"ఏమని జెప్పాలె? దొంగతనం జేస్తున్నవని జెప్పాల్నా? నువ్వేం దియ్యలే గద." సత్యమ్మ గిన్నెను నీళ్ళలో ముంచి తీసింది. "కుడుతుండె, అంటె ఎవరన్న నమ్ముతరా? నాకే సమజ్ గాలే."

"నామీద కోపంగా ఉందా?"

"మస్తుగుండె." ఆ మాటను ఆమె మామూలుగా, నీళ్ళు పోసినట్టు చెప్పింది. "అందరు నా దిక్కు జూసిన్రు. నీ దిక్కు ఒక్కరు సూడలే. అది నీ తప్పు గాదు, నాకెర్కే. అయినా ఉండె."

 కోడలు స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. సత్యమ్మ చేతులు కడుక్కుని, గడప మీద కూర్చుని టీ తాగింది. కోడలు లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి, "గిప్పుడు జర మంచిగనే ఉంటాంది నాతోని," అంది. శేషారత్నం తల ఊపింది. అడగాలనుకున్నవన్నీ ఆ ఒక్క మాటతో తెలిసినట్టే అయింది.

ఎండ వాలుతుండగా లేచింది. సత్యమ్మ రోడ్డు దాకా వచ్చింది. ఆటో కోసం ఇద్దరూ నిలబడ్డారు. రెండు ఆటోలు నిండుగా వెళ్ళిపోయాయి. మూడోది ఆగింది, వెనక సీటులో సగం జాగా ఉంది.

"ఇయ్యాల్టి లెక్కనే ప్రతి ఐతారం నాకు పనుండదు," అంది సత్యమ్మ, ఆమె వైపు కాకుండా ఆటోవాడి వైపు చూస్తూ.

శేషారత్నం ఎక్కి కూర్చుంది. పక్కన కూరగాయల గంప పెట్టుకున్న మనిషి సర్దుకుని, "ఎందాక?" అని అడిగింది. "మేడ్చల్," అని చెప్పి, ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూసింది. సత్యమ్మ అప్పటికే ఇంటి వైపు నడుస్తోంది.